మేడమ్, వ్యాకరణం డోస్ ఎంత?

మొన్న పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒక హెడ్డింగు ఎదురైంది: ‘చీరకట్టులోనూ గ్లామర్ ఒలకబోసిన బ్యూటీ’. ఒలకబోయడమేమిటండీ, అదేమన్నా పాలా? తుడవడానికి గుడ్డ ఎవరు తేవాలి? దాని కిందే ఇంకోటి: ‘గ్లామర్ డోస్ పెంచిన హీరోయిన్’. భోజనానికి ముందా, తర్వాతా అన్నది మాత్రం రాయలేదు.

ఈ గ్లామర్ పుట్టిల్లు ముంబై కాదు, హాలీవుడ్ కూడా కాదు. స్కాట్లాండ్. దాని అసలు పేరు గ్రామర్. అవును, మనల్ని బళ్లో ఏడిపించిన వ్యాకరణమే. అప్పట్లో గ్రామర్ అంటే లాటిన్ చదువే. అది చదవగలిగినవాడు కనిపిస్తే ‘వీడికేవో మంత్రాలొచ్చు’ అని ఊరు ఊరంతా జడుసుకునే రోజులవి. ఫ్రెంచివాళ్లు కూడా అదే మాటను వంకర తిప్పి మంత్రాల పుస్తకాన్ని ‘గ్రిమ్వార్’ అన్నారు. స్కాట్లు ‘ర’ తీసేసి ‘ల’ పెట్టారు. మన పండితులు దీనికేం ఆశ్చర్యపోరు, ‘రలయోరభేదః’, అంటే ‘ర’కీ ‘ల’కీ తేడా లేదని ఎప్పుడో తేల్చేశారు.

ఎడిన్‌బరో కవి ఆలన్ రామ్సే 1721లో తన కవితల పుస్తకానికి అర్థాలు రాస్తూ ఈ మాటను విప్పి చెప్పాడు. దయ్యాలు, మంత్రగాళ్లు, గారడీవాళ్లు మన చూపును మోసం చేస్తే, కళ్ల మీద గ్లామర్ వేశారంటారట. అంటే అచ్చంగా మన కనికట్టు. 1789లో స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ ఏకంగా గ్లామర్‌కీ గ్రామర్‌కీ ప్రాస కట్టేశాడు. ఆ గ్రామర్ కూడా నరకంలో చదివే నల్ల గ్రామర్. 1805లో వాల్టర్ స్కాట్ కావ్యంలో గ్లామర్ మంత్రం పడితే చెరసాల గోడ మీది సాలెగూడు దొరగారి హాల్లో తెరలా కనిపిస్తుంది. కాయ పెంకు బంగారు పడవవుతుంది. ముసలితనం యవ్వనంలా కనిపిస్తుంది. (మన హీరోల సంగతి ఆయనకెవరు చెప్పారో!)

కాబట్టి సినిమా పేజీలవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మాటను దాని పుట్టింటికి పంపండి. ఇకమీదట ప్రెస్‌మీట్ ఇలా జరగాలి.

‘మేడమ్, ఈ సినిమాలో వ్యాకరణం డోస్ ఎంత?’

‘కథ డిమాండ్ చేస్తే సవర్ణదీర్ఘం దాకా ఓకే అండీ.’

‘గుణసంధి?’

‘పెద్ద బ్యానరైతే ఆలోచిస్తా.’

‘మరి ఆమ్రేడితం?’

‘అమ్మో, ఇంట్లో ఒప్పుకోరు!’

వెనక వరసలోంచి ఒకాయన లేచి ‘పెళ్లయ్యాక వ్యాకరణానికి దూరమవుతారా?’ అంటాడు. ఆమె నోరు తెరిచేలోగా నిర్మాత మైకు లాక్కుంటాడు. ‘వ్యాకరణం విషయంలో ఎక్కడా రాజీ పడలేదు. రెండు పాటలు విదేశాల్లో తీశాం. రెండోది మొత్తం బహువ్రీహి.’ సాయంత్రానికల్లా హెడ్డింగు: ‘బహువ్రీహితో రచ్చ చేసిన బ్యూటీ’. దాని కింద కామెంటు: ‘మా తమ్ముడికి ద్విగువు చాలు బ్రో’.

స్కాట్లాండ్‌లో ఒక పాత జిప్సీ పాట ఉంది. కోట గుమ్మం ముందు జిప్సీలు పాడుతుంటే దొరసాని మెట్లు దిగి వస్తుంది. ఆమె చక్కని ముఖం చూడగానే వాళ్లు ఆమె మీద గ్లామర్ వేస్తారు. మళ్లీ చదవండి. వేసింది వాళ్లు. పడింది ఆమె మీద. ఆమె ఏమీ ఒలకబోయలేదు.

అయినా శిక్ష ఎవరికి పడింది? ఆ దేశంలో మంత్రగత్తెల చట్టం 1563 నుంచి 1736 దాకా నడిచింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు వెతికితే నిందపడినవాళ్లు 3,837 మంది తేలారు. అందులో 80 శాతానికి పైగా ఆడవాళ్లు. ఆగ్నెస్ శాంప్సన్ అనే ఆవిడ జబ్బులు నయం చేసేది, పురుళ్లు పోసేది. మన మాటలో మంత్రసాని. ఆమెను రాజు ఆరో జేమ్స్ ఎదుట విచారించారు. ఒళ్లంతా గొరిగించి, దయ్యం పెట్టిన గుర్తు ఎక్కడుందో అని అంగుళం అంగుళం వెతికారు. దొరికిందన్నారు. 1591లో చంపేశారు.

ఇప్పుడు మొన్నటి ఆ హెడ్డింగు మీదున్న బొమ్మ చూడండి. కారు దిగుతూ కుచ్చెళ్లు సర్దుకుంటున్న అమ్మాయి. నడుము దగ్గర ఎర్ర సున్నా, దానికో బాణం గుర్తు. ఏం వెతుకుతున్నార్రా అక్కడ? ఏ గుర్తు కోసం? కెమెరాను కారు తలుపు కిందికి దించి కాచుక్కూర్చున్నది మీరు, ఆగిన చోట జూమ్ చేసింది మీరు, సున్నా చుట్టింది మీరు. ఒలకబోసింది మాత్రం ఆవిడా? సిగ్గుండాలి.

అదే పేజీలో పక్కన ఇంకో వార్త ఉంది. అరవై దాటిన హీరో, నల్లగా నిగనిగలాడే జుట్టు, కాలేజీ కుర్రాడి చొక్కా. ఆ హెడ్డింగులో గ్లామర్ అన్న మాటే లేదు. ‘స్టైలిష్ లుక్’ అని ఉంది.