కేబుల్ జాబితాలో అడుగున ఉన్న ఛానెల్

ఈ సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు, పండగ మూడు రోజులూ చుట్టపక్కాలతో గడిచిపోయాక, ముక్కనుమ నాటి నుంచి ఒక వారం పాటు సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా బ్రాడీపేటలోని మా ఇంట్లో మా అమ్మ పక్కన కూర్చుని దూరదర్శన్ సప్తగిరి చూశాను. అది నేను కోరి ఎంచుకున్న వ్యాసంగం కాదు. ఎనభై రెండేళ్ల మా అమ్మ ఆ వేళకు మరో ఛానెల్ పెట్టనివ్వదు. కారణం అడిగితే, ‘‘మిగతా వాటిలో నలుగురు చేరి ఒక్కసారే మాట్లాడతారు నాయనా, ఎవరి మాటా నా చెవిన పడదు, ఇందులో ఒకరు చెప్పిందాకా రెండోవారు ఆగుతారు’’ అన్నది. వారం గడిచేసరికి ఆమె చెప్పిన ఆ ఒక్క కారణమే చాలా బరువైనదని నాకు తోచింది. మన పిల్లలకు తెలుగు అబ్బడం లేదని ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ బెంగపడే, అమెరికాలోని మన తెలుగు సంఘం పెద్దల ముందు ఆ కారణాన్ని ఉంచడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ ఛానెల్ దొరకడమే ఒక ప్రయాస. కొత్త సెట్‌టాప్ బాక్సు పెట్టిన దగ్గర నుంచీ అంకెలన్నీ తారుమారవుతున్నాయట. గోడ క్యాలెండరు మూలన బాల్‌పెన్నుతో ఆ అంకె వేసి, చుట్టూ సున్న చుట్టి పెట్టుకుంది అమ్మ. మేము దిగిన నాడే అది మళ్లీ మారింది. కబురు పెడితే కేబుల్ అబ్బాయి వచ్చి, ‘‘అది ఎవరూ చూడరు మామ్మగారూ, అందుకనే అడుగున ఉంటది, నొక్కుకుంటా పోండి’’ అని చెప్పి వెళ్లిపోయాడు. దూరదర్శన్ ప్రసారాలను కేబుల్ వారు విధిగా ఇవ్వాలని 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. ఇవ్వమని చట్టం చెప్పగలదు గానీ చూడమని చెప్పలేదు కదా. నెల నెలా డబ్బు కట్టే పని లేని డీడీ ఫ్రీ డిష్ సదుపాయం 2004 డిసెంబరు నుంచీ ఉన్నా, మా లైనులో ఒక్క డాబా మీదా అది నాకు కనిపించలేదు. పొన్నూరు రోడ్డు పట్టుకుని ఊరు దాటాక మాత్రం పెంకుటింటి మీద కూడా కనిపించింది.

సోమవారం నాటి రైతుల కార్యక్రమం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అరగంట సేపు మిరపలో నల్ల తామర పురుగు మీదే నడిచింది. 2021లో గుంటూరు జిల్లా మిరప తోటలను ఊడ్చిపెట్టిన పురుగు అది. పూతలో దూరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది, పిందె పట్టదు. ఫోన్‌లోకి వచ్చిన ఒక రైతు, మూడు రోజులకోసారి మందు కొడుతున్నా పురుగు తగ్గకపోగా పెరుగుతూ ఉందని, చేను కౌలుకు తీసుకున్న దగ్గర నుంచి మొదలుపెట్టి, దాదాపు రెండు నిమిషాల పాటు తన గోడు చెప్పుకున్నాడు. ఆయన మాటకు ఎవరూ అడ్డు తగలలేదు. ఆయన ఆగాక శాస్త్రవేత్త ఏ మందు కొట్టారు, ఎన్నాళ్ల తేడాతో కొట్టారు, ఎకరానికి యూరియా ఎంత వేశారు అని ఒక్కొక్కటే అడిగి, ఒకే రకం మందు పదే పదే కొడితే పురుగును తినే మిత్రపురుగులు ముందు చచ్చిపోతాయని, నత్రజని ఎక్కువైతే మొక్క గుబురుగా ఎదిగి పురుగుకు ఇల్లవుతుందని, నీలం రంగు జిగురు అట్టలు పైరు ఎత్తులో కట్టుకోవాలని, వేపనూనెను మరిచిపోవద్దని నిదానంగా చెప్పారు. అదే పురుగు మీద ఇంకో ఛానెల్‌లో చర్చ పెట్టి ఉంటే నష్టపరిహారం గురించి రెండు పార్టీల వారు అరుచుకునేవారు. ఆ చర్చా అవసరమే, కాదనను. కానీ దాని వల్ల ఎకరానికి యూరియా ఎంత వేయాలో తెలియదు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. అమెరికాలోనే పుట్టి పెరిగింది. బడికి సెలవు పెట్టించి తీసుకువెళ్లాం. ఫోన్ చూసుకుంటూ ఓ చెవి ఇటు వేసి ఉన్న పిల్ల, ‘‘నానమ్మా, తాలు అంటే ఏంటి?’’ అని ఉన్నట్టుండి అడిగింది. ఆ రైతు తన కాయలో సగం తాలే వచ్చిందని, మిరప యార్డుకు తెచ్చిన టిక్కీల్లో, అంటే బస్తాల్లో, తాలు వేరు చేసి చూపిస్తే గాని ధర పలకలేదని అంటున్నాడు. అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్లి, డబ్బాలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి పేపరు మీద పోసింది. అందులోంచి రంగు వెలిసి తెల్లబారిన కాయ ఒకటి ఏరి పిల్ల అరచేతిలో పెట్టి, ‘‘ఇది తాలు. కారం ఉండదు, బరువు ఉండదు. వడ్లలోనూ ఉంటుంది, మనుషుల్లోనూ ఉంటుంది’’ అన్నది. మా అమ్మాయి ఆ కాయను జేబులో వేసుకుంది. వారాంతపు తెలుగు బడిలో మూడేళ్లుగా అచ్చులూ హల్లులూ దిద్దుతున్న పిల్లకు, ఎవరూ పరీక్ష పెట్టకుండానే ఒక తెలుగు మాట అర్థమూ ఎత్తిపొడుపూ రెండింటితో సహా అందడం నేను చూసింది అదే మొదటిసారి.

ఈ ఓపిక దూరదర్శన్‌కు నిన్న మొన్న అబ్బింది కాదు. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల కోసం ‘కృషి దర్శన్’ 1967 జనవరి 26న మొదలైంది. తరువాత 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ ప్రసారాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో మన రాష్ట్రపు పల్లెలూ ఉన్నాయి, తెలుగూ ఉంది. కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా కింద ఊరంతా చేరి, ఒక్క పెట్టె ముందు రోజూ సాయంత్రం రెండున్నర గంటలు సేద్యం, ఆరోగ్యం, ఆటపాటలు చూసేవారు. అమెరికా వారి ఉపగ్రహాన్ని ఏడాది అరువు తెచ్చుకుని మన వాళ్లు మొదట చూపించినది సినిమా కాదు, పొలం అన్న సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

వార్తల సంగతికి వస్తే, మా అమ్మ దగ్గర అన్నిటికీ కొలబద్ద ఒక్కటే, శాంతిస్వరూప్. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన ఆయన, టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తలను ముందుగా కంఠతా పట్టి, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసిన నాడు అమ్మ ఫోన్ చేసి, ‘‘ఆయన చదివితే కామా కూడా వినపడేది’’ అన్నది. ఇప్పటి వారిని ఆమె పూర్తిగా మెచ్చుకోదు. ‘ళ’ పలకనివారిని గుర్తు పెట్టుకుని మరీ తిడుతుంది. అయినా పావుగంటలో పది వార్తలు, ప్రతి వార్తకూ మొదలూ చివరా ఉండి, వెనక డప్పుల మోత లేకుండా విని లేవగలగడం ఆమెకు చాలు. ఆ వారంలో మూడో రోజుకల్లా నాకూ అదే చాలనిపించింది.

మంగళ, బుధవారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆరోగ్య పథకాలు, శంకుస్థాపనలు, శాలువాలు. అక్కడ అమ్మ కూడా కునికింది. ప్రభుత్వ టీవీకి ఉన్న ఈ జబ్బు పాతదే. దూరదర్శన్, ఆకాశవాణి కలిసి స్వతంత్ర సంస్థగా ఉండాలని 1990లో ప్రసారభారతి చట్టం చేశారు. అది అమలులోకి రావడానికి 1997 దాకా పట్టింది. వచ్చాక కూడా జీతాలకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే ఆధారం. జీతం ఇచ్చేవాడి శాలువా తెర మీద కనిపించకుండా ఎలా ఉంటుంది? ఈ లోపాన్ని కప్పిపుచ్చి పొగడడం నా ఉద్దేశం కాదు. ప్రకటనలు ఇచ్చేవాడి సబ్బు ప్రతి ఎనిమిది నిమిషాలకూ కనిపించడం కంటే అప్పుడప్పుడూ కనిపించే శాలువా నయమన్నది మాత్రం నా అభిప్రాయం. దీనిలో నాతో విభేదించేవారు మన సంఘంలోనే చాలామంది ఉన్నారని తెలుసు.

గురువారం రాత్రి వయొలిన్ కచేరీ. వాయించింది పాతికేళ్లు నిండని అమ్మాయి. కల్యాణి రాగం ఎత్తుకుని పావుగంట ఆలాపన చేసింది. మధ్యలో విరామం లేదు, నేనూ ఉన్నానంటూ దూరే వ్యాఖ్యాత లేడు. ఒకచోట కమాను జారి చిన్న అపశ్రుతి పలికితే, ఆ పిల్ల కళ్లు మూసుకుని మళ్లీ అదే సంగతి అందుకుని దాటింది. ఎడిటింగులో దాన్ని కోసేయలేదు. అమ్మ కుర్చీ చేతి మీద ఆది తాళం వేస్తూ ఉంది, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం వచ్చేసరికి లెక్క తప్పి నవ్వుకుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల వారికి ఈ వినికిడి అలవాటు విజయవాడ ఆకాశవాణి పెట్టిన భిక్ష. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రంలో అన్నవరపు రామస్వామి గారు 1986 వరకు వయొలిన్ విద్వాంసులుగా ఉన్నారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2021లో. ఓలేటి వెంకటేశ్వర్లు గారి గాత్రమూ, బాలాంత్రపు రజనీకాంతరావు గారి భక్తిరంజనీ, ఉషశ్రీ గారి ఆదివారపు రామాయణమూ ఇంటింటా మోగినది ఆ కేంద్రం నుంచే. టిక్కెట్టు కొనే తాహతు లేనివారికి కూడా మొదటి వరుసలో చోటు దొరికిన సభ అది. రాష్ట్ర విభజన తరువాత 2014లో సప్తగిరి ఆంధ్రప్రదేశ్‌కు, యాదగిరి తెలంగాణకు అయ్యాక, టీవీ విషయంలోనూ ఆ బరువు విజయవాడ మీదే పడింది.

ఇదంతా పాత రోజుల మీద బెంగ అని కొట్టిపారేయవచ్చు. నిజానికి ఆ పాత రోజులు నాకు అంత బాగా ఏమీ లేవు. మా లైను మొత్తానికి రెండే టీవీలు ఉన్న కాలంలో, ఎవరింటి వసారాలోనో చెప్పులు విడిచి, వారి పిల్లలు తెచ్చుకున్న జంతికల వాసన పీల్చుతూ, అర్థం కాని హిందీ ధారావాహికలు చూసినవాణ్ని నేను. తెలుగు దొరికేది సాయంత్రం కొద్ది సేపే. శుక్రవారం ‘చిత్రలహరి’లో వచ్చే నాలుగు పాటల కోసం వారమంతా ఎదురుచూసేవాళ్లం. కరెంటు సరిగ్గా అప్పుడే పోయేది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానెళ్లు వచ్చినప్పుడు మా వీధిలో సంతోషించని వారు లేరు, నాతో సహా. ఎంచుకునే వీలు రావడం మంచిదే. కానీ ఇప్పుడు అన్ని ఛానెళ్లూ ఒకే గొంతుతో అరుస్తుంటే, ఎంచుకోవడానికి మిగిలిన వేరే గొంతు ఈ అడుగున ఉన్నదే.

ఇక మన సంగతి. మనలో చాలా ఇళ్లలో తెలుగు ఛానెళ్ల ప్యాకేజీకి నెల నెలా డబ్బు కడుతున్నాం. పిల్లలు ఆ గదిలోకి రారు. వచ్చినా వారి చెవిన పడేది సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మొత్తం కేక. భాష నేర్చుకునేవారికి కావలసింది వేగం తగ్గిన, పూర్తయిన వాక్యం. దాన్ని ఒక రైతు, ఒక డాక్టరు, ఒక విద్వాంసుడు ఎవరి యాసలో వారు పలికితే ఇంకా మేలు. ఆ రైతు మాట పుస్తకంలో దొరకదు. దూరదర్శన్ కార్యక్రమాలు యూట్యూబులో ఉన్నాయి. 2024 నవంబరులో ప్రసారభారతి ‘వేవ్స్’ అనే యాప్ కూడా తెచ్చింది. గుంటూరులో శనివారం సాయంత్రం ఏడు అంటే చలికాలంలో మన తూర్పు తీరంలో అదే శనివారం ఉదయం ఎనిమిదిన్నర, పిల్లలు తెలుగు బడికి బయలుదేరే వేళ. ఆ బడిలో వారానికి ఒక్క అరగంట పెద్ద పిల్లల చేత ఇలాంటి కార్యక్రమం ఒకటి చూపించి, తెలియని పది మాటలు రాయించి, ఆ మాటలకు అర్థం ఇంటికి ఫోన్ చేసి తాతనో అమ్మమ్మనో అడిగి రమ్మంటే సరిపోతుంది. దీనికి హాలు అద్దె లేదు, విమాన టిక్కెట్లు లేవు. ఉగాదికి తారలను రప్పించే ఖర్చులో వెయ్యో వంతు పెడితే, మంచి కార్యక్రమాలను ఎంపిక చేసి, వాటికి పదాల పట్టికలు తయారు చేసే పని గుంటూరులోనే ఉన్న రిటైరైన తెలుగు మాస్టార్లకు గౌరవంగా అప్పగించవచ్చు. ఈ ప్రతిపాదనను వచ్చే కార్యవర్గ సమావేశానికి లిఖితపూర్వకంగా ఇస్తున్నాను. పిల్లలకు విసుగు పుడుతుందని ఒక మిత్రుడు ఇప్పటికే అన్నారు. పుడుతుంది. మాకు మంగళవారం పుట్టింది, గురువారం పోయింది.

వచ్చేసే రోజు క్యాలెండరు మీద పాత అంకె కొట్టేసి, కొత్త అంకె పెద్దగా వేసి వచ్చాను. మొన్న ఫోన్ చేస్తే అది మళ్లీ మారిందని అమ్మ చెప్పింది. ఈసారి కేబుల్ అబ్బాయిని పిలవలేదట, కింది బాణం మీట నొక్కుకుంటూ పోయి తానే పట్టుకున్నదట. ‘‘దొరికేసరికి తని ఆవర్తనం అయిపోయిందిరా’’ అని, ‘‘పిల్ల దగ్గర ఆ తాలు కాయ ఉందా, పారేసిందా?’’ అని అడిగింది.