కప్పగుడ్లతో కిడ్నీ బాగుపడదు

ఈ వారంలో నాలుగోసారి వచ్చిందా మెసేజ్. మొదట మా పదో తరగతి గ్రూపులో, తర్వాత కవిటి బావ నుంచి. “కప్పగుడ్డులోని ద్రవం ముసలి కణాన్ని పసికణంగా మారుస్తుంది. దీనికి నోబెల్ వచ్చింది. చెరువు కప్ప గుడ్లు నలభై రోజులు పరగడుపున మింగితే కిడ్నీ కొత్తదవుతుంది, డయాలసిస్ మానేయొచ్చు. కంపెనీలు దాస్తున్నాయి.”

దాచడమేంటి? ఇది 1962 నుంచి అచ్చులో ఉన్న సంగతి.

నోబెల్ మాత్రం నిజం. ముదిరిన కణాన్ని మళ్లీ పసికణంలా మార్చవచ్చని చూపించినందుకు 2012లో శాస్త్రవేత్తలు జాన్ గర్డన్, షిన్యా యమనకలకు ఇచ్చారు. గర్డన్ ఆఫ్రికా గోళ్ల కప్ప గుడ్డులో ఉన్న కేంద్రకాన్ని అతినీలలోహిత కిరణాలతో చంపి, తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని సన్నని గాజు సూదితో అందులోకి ఎక్కించాడు. అలా 726 గుడ్లకు చేస్తే, మేత తినే తోకకప్పలుగా ఎదిగినవి 10. పేగు కణంలోనూ కప్ప మొత్తానికి కావలసిన జన్యువులు చెక్కుచెదరకుండా ఉంటాయని దాంతో తేలింది. మారింది గుడ్డు లోపలికి వెళ్లిన కేంద్రకం. ఎవరూ గుడ్డును మింగలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. 2003లో గర్డన్ బృందం మనిషి రక్తకణాల కేంద్రకాలను కప్ప అండకణాల్లోకి ఎక్కిస్తే, మూలకణాల్లో (రకరకాల కణాలుగా మారగల కణాల్లో) పనిచేసే ఆక్ట్-4 జన్యువు మేల్కొంది. కప్ప అండానికి మన జన్యువులను కూడా కదిలించే శక్తి ఉంది. అది నాకూ ఆశ్చర్యమే.

కానీ మింగితే? కోడిగుడ్డు ప్రొటీన్‌లాగే కడుపులో ముక్కలైపోతుంది. కిడ్నీ దాకా చేరదు. చేరి పనిచేస్తే ఇంకా ప్రమాదం. కిడ్నీ కణం రక్తం వడకట్టే పని మరిచిపోయి పిండకణంలా పెరిగితే దాన్ని కణితి అంటారు. మామూలు కణాన్ని మూలకణంగా మార్చే జన్యువులను యమనక గుర్తించాడు; 2013లో ఎలుకల ఒంట్లోనే వాటిని పనిచేయిస్తే వచ్చినవి కణితులే. పైగా కొన్ని జాతుల కప్పల గుడ్లలో విషం ఉంటుంది. చెరువు గట్టున నిలబడి ఏది ఏ జాతిదో మీరు చెప్పగలరా?

అన్నిటికన్నా ఘోరం ఆ “డయాలసిస్ మానేయొచ్చు”. ఇది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. డయాలసిస్ ఆపితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. దానికి నలభై రోజులు కూడా అక్కర్లేదు. మా చిన్నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి, “అయితే మానీమంటావేటిరా?” అని అడిగాడు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో మీరు వినలేదు. పంపే ముందు ఒక్క డాక్టర్‌నైనా అడిగారా?

బావా, నువ్వు ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఈ రోజే ఫోన్ చేసి తప్పని చెప్పు. మెసేజ్ పెడితే సరిపోదు.