బైకు సైడ్ అద్దం గారికి ఒక మనవి

మహారాజశ్రీ బైకు కుడి అద్దం గారికి, అమీర్‌పేట మీదుగా రోజూ ఆఫీసుకు పోయే మీ యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను క్షేమం. మీ ఎడమవైపు తమ్ముడు గారి క్షేమం మాత్రం తెలియదు. పోయిన వారం పార్కింగ్‌లో ఎవరో విప్పుకుపోయారు. ఇప్పుడు ఏ బండి మీద ఉన్నారో, ఎవరి దువ్వెనకు సాక్షిగా నిలబడ్డారో!

దువ్వెన అన్నాను కదా, అసలు సంగతి అదే. మిమ్మల్ని పెట్టింది వెనక చూడడానికి. నిన్న సాయంత్రం కోచింగ్ సెంటర్ల గల్లీలో బండి ఆపి టీ తాగుతున్నాను. ఒక కుర్రాడు వచ్చి, మోకాళ్లు కాస్త వంచి, మిమ్మల్ని తన వైపు తిప్పుకుని పాపిడి తీయడం మొదలుపెట్టాడు. నేను చూస్తున్నానని తెలిసి, "ఒక్క నిమిషం అన్నా" అన్నాడు. మీరేమో కుంభాకార దర్పణం. ఉబ్బెత్తు ఒళ్లు కాబట్టి వెనక ఉన్న రోడ్డంతా కుదించి గుప్పెట్లో చూపిస్తారు. వీపు మీదికొచ్చిన ఆర్టీసీ బస్సు కూడా మీలో ఎక్కడో దూరాన బొమ్మ బస్సులా ఉంటుంది. అదే ముఖం దగ్గర పెడితే ముక్కు మైసూర్ బోండా, చెవులు కూకట్‌పల్లిలో. అయినా వాడు తృప్తిగా వెళ్లిపోయాడు. ఇక ఆటోల్లో మీవాళ్లు ఎందుకో రోడ్డును వదిలేసి వెనక సీటునే చూస్తుంటారు.

నిజం చెప్పాలంటే ఈ రోడ్డు మీద రూల్ పాటించేది మీరొక్కరే. పతన కోణం ఎంతో పరావర్తన కోణం అంతే, అంటే వెలుగు ఎంత వాలుగా వచ్చి పడితే అంతే వాలుగా తిప్పి పంపుతారు. ఎమ్మెల్యే గారి కాన్వాయ్ వచ్చినా ఒక్క డిగ్రీ సడలించరు.

నా బాధ కూడా అక్కడే. నిన్న రాత్రి ఫ్లైఓవర్ మీద నా వెనక ఒక పెద్ద కారు, హై బీమ్. ఆ లైటు లోపల గిన్నెలాంటి పుటాకార దర్పణం ఉంటుంది. దాని నాభి దగ్గర, అంటే తిన్నగా వచ్చిన కిరణాలన్నీ తిరిగి కూడే చోట, బల్బు పెడితే కిరణాలు చెదిరిపోకుండా తిన్నగా ముందుకు దూసుకొస్తాయి. ఊరవతల చీకటి రోడ్ల కోసం పెట్టిన ఏర్పాటు. మనవాళ్లకు వీధి దీపాల కింద కూడా కావాలి, తమకు తొందరగా ఉందని ముందువాడికి తెలియొద్దూ! మీకు సొంత వెలుగు చుక్క కూడా లేదు. ఎవడో పారబోసిన వెలుగును పట్టుకొచ్చి నా కంట్లో పోశారు. ఉబ్బెత్తు కాబట్టి అందులో కొంత పక్కలకు చెదరగొట్టారు, అంతవరకు థాంక్స్.

విసుగొచ్చి మిమ్మల్ని లోపలికి తిప్పేశాను. అప్పటి నుంచి మీలో నా మోచేయి కనిపిస్తోంది.

ఇవాళ పొద్దున సిగ్నల్ దగ్గర వెనక సైరన్. అంబులెన్స్ ముందు ఇంగ్లిష్ అక్షరాలు తిరగేసి రాసేది మీ కోసమే, మీలో చూస్తే తిన్నగా చదువుకోవచ్చని. మీరు కుడిఎడమలు మారుస్తారని అందరూ అంటారు గానీ, నా కుడి చెయ్యి మీలో కూడా కుడివైపే ఉంటుంది. మీరు మార్చేది ముందువెనకల్ని. ముందూ వెనకా చూసుకోని మాకు ఆ తేడా ఎలా తెలుస్తుంది లెండి. నేను నా మోచేతినే చదువుతూ కూర్చున్నాను. పక్క బండి మీది పెద్దాయన భుజం తట్టి, "బాబూ, దారియ్యి" అనేదాకా కదల్లేదు. ఆయన బండికి రెండు అద్దాలూ ఉన్నాయి, తుడిచి మరీ.

మిమ్మల్ని మళ్లీ రోడ్డు వైపు తిప్పాను. నట్టు వదులైనట్టుంది, గతుకు వచ్చినప్పుడల్లా ఆకాశం చూస్తున్నారు. ఆదివారం బిగిస్తాను. తమ్ముడు గారి చోట కొత్తాయన్ని కూడా తెస్తాను. షాపువాడు చవకని చెప్పి సమతల అద్దం అంటగట్టాలని చూశాడు. ముఖం బాగానే కనిపించింది గానీ, అందులో రోడ్డు సగం కూడా పట్టలేదు. మీలాంటి ఉబ్బెత్తాయనే కావాలన్నాను.

ఇట్లు,
మీ మోచేతి మనిషి

తా.క.: ఆ కుర్రాడి దువ్వెన నా ట్యాంక్ కవర్ జేబులో ఉండిపోయింది. రేపు సాయంత్రం అదే గల్లీలో టీ తాగుతాను. ఎలాగూ మీ దగ్గరికే వస్తాడు.