ఆలు లేదు చూలు లేదు, టీపాట్‌కి టోపీ

టీ చల్లారిపోతుంది. మానవజాతి పడుతున్న కష్టాల జాబితాలో దీనికి రావాల్సిన పేరు ఇంతవరకు రాలేదన్నది నా ప్రగాఢ విశ్వాసం. చల్లారేలోపు తాగేస్తే సరిపోతుందిగా అని మీరనొచ్చు. ప్రతిదాన్నీ ఇలా తేలిగ్గా తేల్చేసేవాళ్ల వల్లే లోకం ఇలా ఏడ్చింది. బాధ్యత తెలిసినవాళ్లు టీ తాగడానికి తొందరపడరు. ముందు దానికి కోటు కుడతారు.

టీపాట్ మీద తొడిగే ఈ గుడ్డ కోటుకి టీకోజీ అని పేరు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనాకి మధ్యాహ్నానికీ రాత్రి భోజనానికీ మధ్య నీరసం వచ్చేదట. గదికి టీ తెప్పించుకోవడం మొదలెట్టింది, తర్వాత స్నేహితురాళ్లనీ పిలిచింది. నలుగురు చేరాక కబుర్లు ఆగుతాయా? పాట్‌లో టీ మాత్రం వినేవాళ్లు లేక చల్లబడిపోతుంది. 1867 నాటికే బ్రిటన్‌లో టీకోజీ వాడుకలో ఉంది. కబుర్లు తగ్గించుకుందామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ వచ్చినట్టు లేదు.

1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త రెండు గోడల మధ్య గాలి తీసేసిన ఫ్లాస్కు తయారుచేశాడు. న్యాయంగా టీకోజీ ఆ రోజే కొట్టు కట్టేయాలి. కట్టలేదు. ఫ్లాస్కుకి అతుకులు వేయడం కుదరదు కదా మరి.

టీ గురించి నేనొక్కదాన్నే అతి చేస్తున్నానని ఇంట్లో అంటుంటారు. టీ ఎలా కాయాలో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ ఆరు పేజీల ప్రమాణం రాసి, దానికి 1999లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చేది) సాహిత్య బహుమతి తెచ్చుకుంది. దాని అంతర్జాతీయ రూపం ఐఎస్‌ఓ 3103 ప్రకారం ఆకు ఆరు నిమిషాలు నానాలి. ఆ ఆరు నిమిషాల కోసం కోజీ కుట్టడానికి నేను పెట్టింది మూడు వారాలు. అతి ఎవరిదో ఇప్పుడు మీరే చెప్పండి. వద్దులెండి, చెప్పకండి.

అసలు ఇది పొదుపు ఉద్యమంగా మొదలైంది. బీరువాలో పాత చొక్కాలున్నాయి, వాటిని ముక్కలు చేసి అతికితే పైసా ఖర్చు లేకుండా కోజీ వచ్చేస్తుంది అనుకున్నాను. (వేరేవాళ్లు చేస్తే దీన్ని అతుకుల బొంత అంటాం. మనం చేస్తే ప్యాచ్‌వర్క్.) తీరా చొక్కాలు పరిచి చూస్తే ఒకదాని రంగుకీ ఇంకోదాని రంగుకీ ఉప్పూ నిప్పూ. దాంతో పాతవాటిని మడతపెట్టి లోపల పెట్టి, ఒకదానికొకటి నప్పే కొత్త గుడ్డలు ఏడు రకాలు కొన్నాను. కొత్త గుడ్డ తెచ్చి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, కత్తెరతో ముక్కముక్కలు చేశాను. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు.

"అమ్మాయ్, కోసిందీ నువ్వే, అతుకుతున్నదీ నువ్వే. మధ్యలో ఆ గుడ్డ నీకేం ద్రోహం చేసిందే?"

నేను జవాబు చెప్పలేదు. మిషన్ శబ్దంలో వినపడనట్టు నటించాను. మిషన్ అప్పటికింకా ఆన్ చేయలేదు.

ఇక లెక్క. కుట్టాక ఒక్కో ముక్క 5 సెంటీమీటర్ల చదరం రావాలి. కుట్టుకి నాలుగు వైపులా 6 మిల్లీమీటర్లు వదులుతాం కాబట్టి 6.2 కోయాలి. అడ్డంగా ఏడు, నిలువుగా ఐదు, అంటే 35 ముక్కలు. ముందూ వెనకా కలిపి 70. వెడల్పు 35 సెంటీమీటర్లు వస్తుంది, పాట్‌కి చాలినంత. కాగితం మీద మాత్రం చాలింది. కుట్టేటప్పుడు చెయ్యి ఒక్క మిల్లీమీటరు లోపలికి జరుగుతోంది. ఒక్క మిల్లీమీటరు ఏముందిలే అనుకున్నాను. ఒక్కో కుట్టు దగ్గర అటు ముక్కలో ఒకటి, ఇటు ముక్కలో ఒకటి పోతాయి. ఏడు ముక్కల వరసలో కుట్లు ఆరు. పన్నెండు మిల్లీమీటర్లు హాంఫట్! వెనక వైపుదీ కలిపితే ఇరవైనాలుగు.

ఈ సంగతి ఆఖర్న గానీ తెలియదు. ఈలోపు పైన ప్యాచ్‌వర్క్, మధ్యలో దూదిపొర, కింద లైనింగ్ పెట్టి, జరగకుండా పిన్నీసులు గుచ్చి, మూడూ కలిపి కుట్టాలి. క్విల్టింగ్ అనేది ఈ పనినే. నా కళాతృష్ణ కట్టలు తెంచుకున్నదీ ఇక్కడే. అడ్డగీతలు వేశాను, ఐమూలగా వేశాను, ఆ గళ్లల్లో మళ్లీ చిన్న గళ్లు వేశాను. బాబిన్‌లో దారం నాలుగుసార్లు అయిపోయింది. చూసినవాళ్లంతా అబ్బ అన్నారు.

తర్వాత తెలిసిందేమిటంటే, టీని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు, దూదిలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. కుట్టు పడినచోటల్లా దూది అణిగిపోయి గాలి బయటికి పోతుంది. అంటే కోజీ అందం పెరిగేకొద్దీ టీ వేడి తగ్గుతుందన్నమాట. నేను చివరికి తయారుచేసింది చాలా అందమైన అట్ట. పైగా దగ్గర దగ్గరగా కుడితే గుడ్డ ఇంకాస్త ముడుచుకుంటుంది. అసలే తక్కువైన వెడల్పుకి గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ మీదట కోజీ ఆకారం గుమ్మటం కదా, నలుచదరంగా కుట్టినదాని పై మూలల్ని గుండ్రంగా కోసేయాలి. ఏ ముక్కల మూలలు అచ్చంగా కలిశాయో, ఏవి చూసుకుని రాత్రి పదకొండింటికి మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించానో, సరిగ్గా అవే కత్తెరకి బలయ్యాయి. మిగతాచోట్ల మూలలు కలవలేదు. అవన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

తొడిగితే కోజీ పాట్ పిడి దగ్గర ఆగిపోయింది. పక్క కుట్టు విప్పి, రెండు వైపులా చెరో పట్టీ కలిపాను. అతుకులకి అతుకు. ఆ పట్టీ మా ఆయన పాత చొక్కాలోది. పొదుపు ఉద్యమానికి దక్కిన ఏకైక విజయం అది. కింది అంచుకి క్రాస్ పట్టీ తిప్పి, నెత్తిన పట్టుకోవడానికి చిన్న కుచ్చు పెట్టాను. ఈసారి చక్కగా దిగింది.

మర్నాడు పొద్దున టీ కాచి, పాట్‌లో పోసి, కోజీ చేతిలోకి తీసుకున్నాను. పాట్ ముక్కు చివర ఓ టీ చుక్క వేలాడుతోంది. లేత పసుపు గుడ్డ మీద టీ మరక పడితే పోతుందా? కోజీని పక్కన పెట్టాను. ఇప్పుడది అద్దాల బీరువాలో, ఎవరూ ముట్టుకోకుండా, గది ఉష్ణోగ్రతని అద్భుతంగా కాపాడుతోంది.

పాట్ మీద అత్తయ్యగారు పాత టవల్ ఒకటి నాలుగు మడతలు వేసి కప్పేశారు. ఆవిడ పూజ, ఆ తర్వాత ఫోనూ ముగించుకుని వచ్చేసరికి కూడా టీ వేడిగానే ఉంది. ఒక్క కుట్టూ లేదు కాబట్టి గాలంతా లోపలే ఉంది. దీని మీద వ్యాఖ్యానించదలచుకోలేదు.

అయితే ఆ టవల్ అంచులు దారాలు ఊడుతున్నాయి. అర మీటరు గుడ్డ తెస్తే చుట్టూ ఓ పట్టీ వేయొచ్చు.