వెనుక అంచు వదులుగా ఉంటేనే ముందుకు పోతుంది

రబ్బరు బలంతో రెక్కలాడించే బొమ్మ విమానాల మీద మీ వ్యాసం చదివి చాలా సంతోషమైంది. హనుమకొండలో పిల్లలతో ఇవి చేయిస్తుంటాను. రెక్క గాలిని కిందికి కొట్టడం వల్లే ఎగురుతుందని రాశారు, అది సగమే సార్. ముందు అంచున పుల్ల గట్టిగా ఉంటుంది, వెనుక పల్చటి ప్లాస్టిక్ పొర వదులుగా ఉంటుంది. రెక్క దిగినా లేచినా ఆ పొర వంగి గాలిని వెనక్కి తోస్తుంది. బొమ్మ ముందుకు పోయేది దానివల్లే. నీట్‌గా ఉంటుందని పిల్లలు పొరను బిగించి అంటిస్తారు, ఇక రెక్కలు ఎంత కొట్టుకున్నా లాభం లేదు. 1870లలోనే ఫ్రాన్స్‌లో అల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరుతో ఇలాంటివి ఎగరేశాడు.

రబ్బరుకు కొంచెం ఆముదం రాస్తే పోగులు ఒరుసుకోకుండా ఎక్కువ చుట్లు పడతాయి. ఇంజిన్ ఆయిల్, వాసెలిన్ మాత్రం వద్దు, రబ్బరు పాడవుతుంది.

ఇంత తేలికైన బొమ్మకు బయటి చిరుగాలి కూడా ఎక్కువే. మా వరంగల్‌లో ఫంక్షన్ హాళ్లకు కొదువ లేదు, మూఢం రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. అడిగి చూడండి, ఫ్యాన్లు మాత్రం ఆపించాలి. రెక్కలను ఆడించే క్రాంకును తీగతో ఎలా వంచాలో వచ్చే వ్యాసంలో బొమ్మ గీసి చూపించండి, పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పని అదే.