గంటగోపురాలకూ ఒక రిజిస్టరు కావాలి

పాత కతోలిక దేవాలయానికి (చర్చికి) రిపేర్లు అనగానే మన దగ్గర ముందు గోడలకు రంగు పడుతుంది. ఆ తరువాత నేలకు టైల్స్, లోపల కొత్త సౌండ్ సిస్టం. గంటగోపురం మాత్రం పండగకు సీరియల్ లైట్లు కట్టేటప్పుడే గుర్తొస్తుంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కతోలిక విచారణల్లో (ఒక్కో ఫాదర్ చూసుకునే చర్చి పరిధుల్లో) తరాలుగా మోగుతున్న గంటలకు, గోపురాల్లోని గడియారాలకు ఇకనైనా ఒక లెక్కాపత్రం ఉండాలని మేము కోరుతున్నాం.

మన ప్రాంతంలో కతోలిక మిషన్ల చరిత్ర చిన్నదేమీ కాదు. ఫిరంగిపురంలోని పెద్ద దేవాలయాన్ని మిల్‌హిల్ అనే మిషనరీ సంఘానికి చెందిన ఫాదర్ థియోడర్ డిక్‌మన్ 19వ శతాబ్ది చివర్లో కట్టించారు. గుణదల కొండ మీద ఇటలీ మిషనరీ ఫాదర్ ఆర్లాటి మేరీమాత స్వరూపాన్ని నెలకొల్పి 2024కు నూరేళ్లు నిండాయి. దేవాలయం ఎవరు కట్టించారో, పునాది ఎప్పుడు వేశారో శిలాఫలకం చెబుతుంది. గంట సంగతి అడిగితే మాత్రం చాలాచోట్ల పెద్దవాళ్ల జ్ఞాపకమే ఆధారం.

నిజానికి ఆ గంట పైకి చేరడమే ఒక పెద్ద కథ. మీటరు వ్యాసం ఉన్న కంచు గంట సుమారు 600 కిలోలు తూగుతుంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన 1893లో వచ్చింది. అంతకు ముందు మద్రాసు వైపు నుంచి బరువైన సరుకు బకింగ్‌హాం కాలువలో పడవల మీద వచ్చేది. క్రేన్లు లేని కాలంలో అంత బరువును సరుగుడు బాదులు, మోకులు, మనుషుల భుజాల బలంతో గోపురం దాకా ఎత్తాలి. ఏ ఊరి గంట పడవలో వచ్చింది, ఏది గూడ్సు బండిలో వచ్చింది, డబ్బు ఎవరిచ్చారు అన్న వివరాలు విచారణ పాత ఖాతా పుస్తకాల్లో వెతకాల్సినవి. గంట అంచు మీద పోత పోసినవాళ్ల పేరు, సంవత్సరం అచ్చువేసే ఆనవాయితీ ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, తడిగుడ్డతో తుడిచి చదివితే సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.

కతోలిక సంప్రదాయంలో గంటకు ప్రత్యేక గౌరవం ఉంది. మోగించడం మొదలుపెట్టే ముందు తీర్థజలం చల్లి ఆశీర్వదిస్తారు. పూర్వం నూనెతో అభ్యంగనం చేసి, ఒక పునీతుడి (సెయింట్) పేరు కూడా పెట్టేవారు. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి త్రికాల జపం (రోజుకు మూడుసార్లు చెప్పే మేరీమాత ప్రార్థన) గంట. మూడేసి దెబ్బలు మూడుసార్లు, ఆపైన తొమ్మిది. మిరప చేలో ఉన్నవాళ్లకు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసేవాళ్లకు, మతమేదైనా సరే, అదే టైము. చావు గంట వేరు, పెళ్లి గంట వేరు. ఈస్టర్‌కు ముందొచ్చే పవిత్ర గురువారం సాయంత్రం పూజ నుంచి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన) దాకా గంటలన్నీ మౌనం. ఆ రోజుల్లో చెక్కలు వాయించి జనాన్ని పిలుస్తారు. దెబ్బలు విని విషయం పోల్చుకునే ఆ తెలివిడి పుస్తకాల్లో లేదు. అది తెలిసినవాళ్లలో చాలామంది వయసు ఇప్పుడు డెబ్బై దాటింది.

గడియారం సంగతి ఇంకా ఆసక్తికరం. 1905-06లో భారత ప్రామాణిక సమయం వచ్చేదాకా మన రైళ్లు మద్రాసు టైము మీద నడిచేవి. బెజవాడ, గుంటూరు రేఖాంశాలు మద్రాసుకు చాలా దగ్గర కాబట్టి ఆ టైముకూ మన సూర్యుడికీ ఒకటి రెండు నిమిషాలే తేడా. కాకినాడ సమీపం నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖను దేశమంతటికీ లెక్కగా తీసుకున్నాక గడియారాలను దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు జరపాల్సి వచ్చింది. ఇవాళ మన ఊళ్లలో పన్నెండు గంటలు కొట్టిన తరువాత, ఏడాది సగటున చూస్తే, ఏడెనిమిది నిమిషాలకు గానీ సూర్యుడు నడినెత్తికి రాడు. నీడను బట్టి మధ్యాహ్నాన్ని లెక్కగట్టే రైతుకూ గోపురం గడియారానికీ మధ్య ఆ ఎడం అప్పుడే వచ్చింది. బరువుల గుండ్లతో, లోలకంతో నడిచే గడియారం ఉంటే దానికి కీ ఇచ్చే మనిషి కావాలి. ఆ మనిషి రిటైరైతే గడియారం ఆగిపోతుంది. తరువాత బ్యాటరీది వస్తుంది, పాత యంత్రం స్టోర్ రూముకు, అక్కడి నుంచి పాత ఇనుము కొట్టుకు పోతుంది. ఇలా జరగనివ్వకూడదు. మెకానిజం నడవకపోయినా, తుడిచి అద్దాల పెట్టెలో పెడితే పిల్లలు చూసి నేర్చుకుంటారు.

గంటకు జరిగే హాని చాలావరకు తెలియక చేసేదే. గంటల కంచులో రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్లు ఉంటాయి. తగరం ఎక్కువ కావడం వల్లే ఆ మోత, ఆ పెళుసుదనం కూడా దాని వల్లే. గంట నాలుకకు (లోపల వేలాడుతూ కొట్టే కడ్డీకి) తాడు కట్టి గట్టిగా లాగి పట్టుకుంటే అంచు పగలవచ్చు. ఎలక్ట్రిక్ సుత్తి ఏళ్ల తరబడి ఒకేచోట కొడితే అక్కడ అరుగుతుంది. అప్పుడు గంటను కొద్దిగా తిప్పి బిగిస్తే కొత్త చోట దెబ్బ పడుతుంది. పైన ఆయిల్ పెయింట్ పూస్తే నాదం మందగిస్తుంది. పగిలిన గంటను ఊళ్లో వెల్డింగ్ షాపుకు ఇవ్వడమంటే దాన్ని పోగొట్టుకోవడమే. గోపురం మాటకొస్తే, గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అలాంటి గోపురంలో వందల కిలోల గంట ఊగుతుంటే కింద నిలబడేవాళ్ల ప్రాణాల గురించి కూడా ఆలోచించాలి. అసలు ముందు బాగుచేయించాల్సింది పైకి వెళ్లే మెట్లను.

స్పీకర్లో గంట రికార్డు వేసుకోవడం తేలిక, ఖర్చు తక్కువ. చేతకాని చోట అలా చేసే విచారణ గురువులను మేము తప్పుపట్టడం లేదు. కానీ పైన మంచి గంట ఉండగా కింద రికార్డు పెట్టుకోవడం మాత్రం బాధాకరం.

మేత్రాసన (బిషప్ పాలన కింది ప్రాంతం) కార్యాలయాలు ప్రతి విచారణకు ఒక పేజీ ఫారం పంపితే చాలు. గంట వ్యాసం, దాని మీది రాత, సంవత్సరం, తయారీదారు, ఫోటో, ఫోన్లో రెండు నిమిషాల ఆడియో. గోపురాల కొలతలు తీయడానికి విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, ఆ విద్యార్థులను పిలవవచ్చు. 1937లో ఏర్పడిన విజయవాడ మేత్రాసనానికి 2037లో, 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనానికి 2040లో నూరేళ్లు నిండుతాయి. ఆ శతాబ్ది సంచికల్లో గంటలకూ నాలుగు పేజీలు దక్కాలంటే, చావు గంట ఎన్ని దెబ్బలో చెప్పగల పెద్దవాళ్ల దగ్గరికి ఈ ఏడాదే వెళ్లాలి.