పెన్ను చేసిన నేరమేమిటి?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలోని ఒక బ్యాంకులో, డబ్బు కట్టే కిటికీ పక్కన, ఐదు రూపాయల బాల్‌పెన్ను ఒకటి యావజ్జీవ ఖైదు అనుభవిస్తోంది. తోకకు చిల్లు పొడిచి, పురికొస దూర్చి, బల్లకున్న మేకుకు మూడు ముళ్లు వేశారు. పెళ్లిళ్లలో కూడా అంత బిగించరు. తాడు జానెడే. మొన్న పొందూరు నుంచి వచ్చిన పెద్దాయన ఖద్దరు కండువా నేలను ఊడుస్తుండగా, మెడ వాల్చి, భుజం బల్లకు ఆనించి సంతకం పెట్టారు. బందీ ఎవరో చూసేవాళ్లకు అంతుపట్టలేదు. ఇది బంధనం కాదట, భద్రతట. గుమాస్తా గారి సవరణ.

ఇంతకీ ఇది చట్టానికి నిలుస్తుందా? 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణ అయ్యర్, బేడీలు వేయడం మామూలు తంతు కారాదనీ, వేయక తప్పకపోతే కారణం రాసిపెట్టాలనీ తేల్చారు. రాద్దామంటే పెన్ను కట్టేసి ఉంది. కలిగిన ఖైదీకి మినహాయింపు, లేనివాడికి ఇనుము అనే పంజాబ్ పోలీసు నిబంధనలను కూడా ఆ తీర్పులోనే కొట్టివేశారు. మరి మేనేజరు గారి బల్ల మీది పెన్ను మూత పెట్టుకుని దర్జాగా దొర్లుతోందేం?

పాత పెన్ను పారిపోయిందని బ్యాంకు వాదన. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే అరెస్టులు, విచారణల పద్ధతి చెప్పే చట్టం, సెక్షన్ 43(3) ప్రకారం, కస్టడీ నుంచి తప్పించుకున్నవారికి పోలీసులు బేడీలు వేయవచ్చు, నిజమే. కానీ పెన్నుకు కాళ్లు లేవు. దాన్ని ఎవరో జేబులో వేసుకుపోయారు. అపహరణకు గురైనవారిని కట్టేయమని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

బేడీలు వేయదగ్గ నేరాల జాబితా కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అందులో హత్య ఉంది, యాసిడ్ దాడి ఉంది, దొంగనోట్లున్నాయి. 2023 నాటి తొలి బిల్లులో ఆర్థిక నేరాలు కూడా ఉండేవి. పార్లమెంటరీ స్థాయీ సంఘం వద్దన్నాక ఆ మాట తీసేశారు. కాబట్టి బ్యాంకును కోట్లకు ముంచినవాడు, ముంచడం మొదటిసారే అయితే, ఆ ఒక్క కారణంతో బేడీలకు భయపడనక్కర్లేదు. అయినా ఆయన ఈ కిటికీ దగ్గర వంగుతాడా? మేనేజరు గదిలో కుర్చీ వేసి, ఫ్యాను పెంచి, తాడు లేని పెన్ను చేతికిస్తారు.